రహీం సాబ్‌కి రాని అవార్డు, రహీం సాబ్ పేరున్న అవార్డు

బాలన్ డోర్ ప్రకటించే రోజు మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే లొల్లి. వీడికి ఎందుకిచ్చారు, వాడికి ఎందుకివ్వలేదు అని. నన్నడిగితే అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అసలు ఆ లిస్టులోకి ఎవర్ని రానిచ్చారు?

బాలన్ డోర్ మొదలైంది 1956లో. యూరప్ ఆటగాళ్ళకే ఇచ్చేవాళ్ళు. 1995 దాకా అదే రూల్. అందుకే పీలేకి, మారడోనాకి ఆడే రోజుల్లో అది రాలేదు. అదే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా టీమ్ సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ టీమ్ కోచ్ మన హైదరాబాదీ, సయ్యద్ అబ్దుల్ రహీం.

నేనుండేది హబ్సిగూడలో. తార్నాక దాటితే ఉస్మానియా క్యాంపస్. రహీం సాబ్ ఉస్మానియా స్టూడెంటే. ఆ తర్వాత స్కూల్ టీచర్ అయ్యారు. "మైదాన్" సినిమాలో అజయ్ దేవగన్ వేసింది ఆయన పాత్రే. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు రోవర్స్ కప్ కొట్టింది. ఇండియాకి 1951లో ఏషియన్ గేమ్స్ గోల్డ్. 1962లో జకార్తాలో మళ్ళీ గోల్డ్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. అప్పటికే ఆయనకి క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు.

కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో వచ్చింది. అంటే ఆయన పోయిన 22 ఏళ్ళకి! 1990లో అది అందుకున్న ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ నయీముద్దీన్. ఆయనా హైదరాబాదీనే.

ఇక ఆటగాళ్ళ సంగతి. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌కి 1962లో అర్జున వచ్చింది. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్... ఈ ముగ్గురి పేర్లూ కలిపే చెప్పేవాళ్ళు. చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ ఇచ్చారు. బలరామ్ 2023లో చనిపోయారు. పద్మశ్రీ మాత్రం రానేలేదు. ఆయనకి ఏ రూలూ అడ్డం లేదు, ఆట కూడా తక్కువ కాదు. గుర్తుచేసేవాళ్ళే కరువయ్యారు.

తర్వాత ఐ-లీగ్‌లో బెస్ట్ కోచ్ అవార్డుకి రహీం పేరు పెట్టారు. మంచిదే. కానీ పేరు మిగిలితే సరిపోదు, ఆ పేరు వెనక కథ కూడా తెలియాలి కదా.

అందుకే ఒక్క మాట. మీ బస్తీలో పాత ఫుట్‌బాల్ ప్లేయర్ తాతయ్య ఎవరైనా ఉంటే, పోయి పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డ్ బటన్ నొక్కండి. ఏ టీమ్, ఏ ఏడాది, కోచ్ ఎవరు... ఈ మూడూ అడగండి చాలు. ఇంకో బలరామ్‌ని మనం మర్చిపోకుండా ఉంటాం. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.