చోటు, నీళ్లు, మనిషి: ఉదయగిరి మెట్టలో పసిబిడ్డ అలవాట్ల చరిత్ర

నడక వచ్చిన బిడ్డకు ఒంటికీ రెంటికీ పోవడం నేర్పాలంటే మూడు కావాలి: కూర్చోవడానికి చోటు, కడగడానికి నీళ్లు, పక్కన తీరిగ్గా కూర్చునే మనిషి. నెల్లూరు జిల్లాలో వెలిగొండల కింద ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు మొదలుకొని ఆత్మకూరు, మర్రిపాడు దాకా పరుచుకున్న మెట్ట పల్లెల్లో ఈ మూడూ ఒక్కసారిగా సమకూరిన కాలం చాలా అరుదు. మనిషికి తీరిక ఉన్న రోజుల్లో చోటు లేదు, నీళ్లకు కరువు. చోటు వచ్చేసరికి మనిషి తీరిక పోయింది. మూడేళ్లొచ్చినా పిల్లవాడికి అలవాటు కాలేదని ఇవాళ దిగులుపడే తల్లిని తప్పుపట్టే ముందు ఈ చరిత్ర తెలుసుకోవాలి. ఆ దిగులుకు కారణం ఆమెలో కన్నా ఇందులోనే ఎక్కువ ఉంది.

చరకుడు చెప్పిన గది

పసిపిల్లల పెంపకం గురించి మన దేశంలో రాతలో దొరికే పాత మాటల్లో చరక సంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయం ముఖ్యమైనది. బిడ్డ పెరిగే ఇంటికి అందులో కుమారాగారం అని పేరు. చీకటి లేకుండా, ఎలుకలూ పురుగులూ చొరబడకుండా ఆ ఇల్లు కట్టాలని చెబుతూ, నీళ్లకు, రోటికి, స్నానానికి, వంటకు వేరువేరు చోట్లు ఏర్పరచమన్నారు. ఆ వరుసలోనే మలమూత్రాలకూ విడిగా చోటు ఉండాలన్నారు. మలమూత్రాలు అంటిన పక్కబట్టలు బిడ్డకు వాడరాదు. వేరే బట్టలు లేకపోతే వాటినే బాగా ఉతికి, ధూపం పట్టి, ఆరిన తర్వాత వాడాలి.

ఆ అధ్యాయంలోనే మరో గొప్ప మాట ఉంది. బిడ్డ ఏడ్చినా, తినకపోయినా, చెప్పిన మాట వినకపోయినా రాక్షసుల పేర్లూ పిశాచాల పేర్లూ చెప్పి భయపెట్టకూడదు. ‘బూచాడొస్తాడు’ అని పిల్లల్ని కూర్చోబెట్టే మనం నేటికీ ఆ మాట దాకా రాలేదు. సూత్రస్థానంలో మలమూత్ర వేగాలను ఆపుకోరాదని, ఆపుకుంటే రోగాలు వస్తాయని కూడా చరకం హెచ్చరిస్తుంది. అన్ని చోట్లున్న ఇల్లు కట్టుకోగలిగింది ఆనాటి సంపన్నులే. అయినా చోటు, శుభ్రత, భయం లేకుండా నేర్పడం అనే మూడు సూత్రాలూ అప్పటికే మనకు ఉన్నాయి.

అవ్వ కాళ్ల మీద

పల్లెలో బిడ్డకు మొదటి పీట అవ్వ పాదాలు. మెడ నిలిచిన బిడ్డను తీసుకుని అవ్వ పెరట్లో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. రెండు పాదాలూ కాస్త ఎడం చేసి, తనవైపు ముఖం ఉండేలా బిడ్డను వాటి మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుంటుంది. పాలు తాగిన కాసేపటికో, నిద్ర లేవగానేనో ఈ పని జరుగుతుంది. ‘ష్... ష్...’ అని నోటితో శబ్దం చేస్తే ఉచ్చ పోయాలని బిడ్డకు క్రమంగా అర్థమవుతుంది. కడుపు నిండగానే పేగుల్లో కదలిక పెరుగుతుందని వైద్యులు చెబుతారు. పాలు తాగిన వెంటనే కూర్చోబెట్టే అవ్వ ఆ సంగతిని తన అనుభవంతో పట్టుకుంది.

ఈ పద్ధతికి ఇల్లంతా తోడ్పడేది. బిడ్డ ఒంటి మీద మొలతాడు తప్ప బట్ట ఉండేది కాదు కాబట్టి తడిస్తే వెంటనే తెలిసేది, బిడ్డకీ పెద్దలకీ. పేడతో అలికిన నేల మీద పోస్తే బూడిద చల్లి ఎత్తేసి, మళ్లీ అలికేవారు. పాత నేతచీరలు చింపిన పొత్తిగుడ్డలు రోజూ ఉతికి ఎండలో ఆరేసేవారు. తల్లి కూలికి పోతే అవ్వ, అవ్వ లేకపోతే ఏడెనిమిదేళ్ల అక్క బిడ్డను చూసుకునేది. ఈ పెంపకంలో ఆ ఆడపిల్లల చదువు ఎంత పోయిందో మరవకూడదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఏడాది బిడ్డ అవ్వ శబ్దానికి బదులు పలకడం ఒకటి. మూడేళ్ల బిడ్డ తనంతట తాను చెప్పి, వెళ్లి, కూర్చుని రావడం మరొకటి. మొదటిదాంట్లో సగానికి పైగా అలవాటు పడింది అవ్వే. ఆ ఎడతెగని గమనింపే ఆ పద్ధతికి ప్రాణం.

రెండో మెట్టుకు వచ్చేసరికి మన పద్ధతి లోపం బయటపడుతుంది. నడక వచ్చిన బిడ్డ అక్క వెంట బయలుకు పోయేది. వీధి పక్కన, దిబ్బ మీద, కంపచెట్ల చాటున కూర్చోవడమే నేర్చుకున్న అలవాటు. పసిబిడ్డ దొడ్డికి పోయినదాన్ని ‘చంటిదే కదా, ఏం కాదులే’ అనుకుని పెంటదిబ్బ మీద వేయడం ఇంటింటా ఉండేది. అది పొరపాటు. విరేచనాలు కలిగించే క్రిములు చంటిబిడ్డల మలంలో పెద్దల మలంలో కన్నా తక్కువేమీ ఉండవు, తరచు ఎక్కువే ఉంటాయి. ఈగల మీద, చేతుల మీద, బావి నీళ్లలో అవి తిరిగి బిడ్డ నోటికే చేరాయి. మెట్టలో ఎన్ని ఉయ్యాలలు ఆ విరేచనాలకు ఖాళీ అయ్యాయో లెక్క రాసినవాళ్లు లేరు.

ప్రపంచం తిరిగిన దారి

1914లో అమెరికా ప్రభుత్వ బాలల విభాగం ‘ఇన్‌ఫెంట్ కేర్’ అనే చిన్న పుస్తకం వేసి తల్లులకు పంచింది. మూడో నెల నుంచే, రోజూ ఒకే వేళకు బిడ్డను కూర్చోబెట్టాలని అందులో చెప్పారు. తర్వాత రెండు దశాబ్దాల్లో ఆ సలహా గడియారం చూసి నడిచే కఠిన నియమంగా మారింది. పసితనంలో మలవిసర్జన విషయంలో కలిగే అనుభవం పెద్దయ్యాక స్వభావంలో కనిపిస్తుందని మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ 1908లోనే రాశాడు. 1946లో వచ్చిన అమెరికా పిల్లల వైద్యుడు బెంజమిన్ స్పాక్ పుస్తకం తల్లులను తొందరపడవద్దంది. 1962లో బ్రేజెల్టన్ అనే పిల్లల వైద్యుడు 1,170 మంది పిల్లలను పరిశీలించి, బిడ్డ సిద్ధమైన సూచనలు చూపించాకే నేర్పాలని ప్రకటించాడు. నేటి వైద్యుల సలహాలకు ఆ పరిశీలనే పునాది.

అయితే 1961లో పాంపర్స్ డైపర్ మార్కెట్లోకి వచ్చింది. పారేయదగిన డైపర్ దొరికాక ఆగి చూడడం అమెరికా తల్లికి సులువైంది. 1990ల చివర బ్రేజెల్టన్ అదే పాంపర్స్ సంస్థతో కలిసి పనిచేశాడు. ‘బిడ్డ సిద్ధమయ్యే దాకా ఆగండి’ అనే మంచి మాట, ‘అంతదాకా కొనండి’ అనే వ్యాపారానికీ పనికొచ్చింది.

మన అవ్వల పద్ధతికి తోబుట్టువు ఆఫ్రికాలో దొరికింది. కెన్యా తీరంలోని డిగో తెగ తల్లులు బిడ్డ పుట్టిన కొన్ని వారాలకే కాళ్ల మధ్య కూర్చోబెట్టి, నోటితో శబ్దం చేసి అలవాటు చేస్తారని, ఐదారు నెలలకల్లా బిడ్డ చాలావరకు పొడిగా ఉంటుందని 1977లో మార్టెన్, రేచల్ డెవ్రీస్ ‘పీడియాట్రిక్స్’ పత్రికలో రాశారు. ఆ పరిశీలనతో, పసితనంలో అలవాటు చేయడం అసాధ్యమనే పాశ్చాత్య నమ్మకం కదిలింది. ఆ తల్లులు లాలనగా నేర్పేవారు. వాళ్లకు ఉన్నది బిడ్డను కనిపెట్టుకుని ఉండే తీరికే.

తెలుగు నేలలో మేల్కొలుపు

మన వైపు ఆడవాళ్లకు ఆరోగ్యం గురించి అచ్చులో చెప్పడం 19వ శతాబ్దం చివర మొదలైంది. కందుకూరి వీరేశలింగం 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ నడిపారు. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ పత్రిక మొదలుపెట్టారు. ఆయన పుట్టిననాటికి ఆయన సొంత ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలోదే. ఈ పత్రికలు చదువుకున్న ఇళ్లకు చేరాయి. మెట్ట పల్లెల్లో అక్షరం తెలిసిన తల్లులు అప్పటికి చాలా తక్కువ.

1921 ఏప్రిల్ 7న గాంధీజీ నెల్లూరు దగ్గర పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. తమ మరుగుదొడ్డిని తామే శుభ్రం చేసుకోవడం ఆయన ఆశ్రమ జీవితంలో ప్రధాన నియమం. ఇది పిల్లల పెంపకానికీ వర్తించే పాఠం. పట్టణాల్లో పాకీదొడ్లను కొన్ని కులాల చేత ఎత్తించిన సమాజం, తన బిడ్డకు శుభ్రత నేర్పుతూనే ఆ శుభ్రత భారాన్ని ఇంకొకరి తల మీద మోపింది. ఆ పనిని నిషేధించే చట్టం రావడానికి 1993 దాకా పట్టింది.

1970లో బిందేశ్వర్ పాఠక్ స్థాపించిన సులభ్ సంస్థ, చెంబుడు నీళ్లు పోసే రెండు గుంతల మరుగుదొడ్డిని ప్రచారంలోకి తెచ్చింది. వాలు ఎక్కువగా ఉన్న గ్రామీణ బేసినుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు చాలు. నీళ్ల కరువున్న మెట్టకు ఇది సరిగ్గా సరిపోయే ఏర్పాటు.

దూబగుంట తర్వాత

ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులు మిగిలాక జిల్లాలో పొదుపు సంఘాలు పెరిగాయి. ఇంటి సొమ్ము ఎక్కడ ఖర్చుకావాలో చెప్పే హక్కు ఆడమనిషికి కొంతైనా దక్కింది. మరుగుదొడ్డి అవసరం మొదట తెలిసేది ఆమెకే. చీకటి పడేదాకా ఆపుకున్నదీ, బిడ్డను ఎత్తుకుని కంపల్లోకి నడిచిందీ ఆమే.

1999లో సంపూర్ణ పారిశుద్ధ్య కార్యక్రమం, 2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ వచ్చాయి. ఇంటికి 12,000 రూపాయల సాయంతో గుంతలు తవ్వారు, గోడలు లేచాయి. 2016లో, పసిబిడ్డల్లో విరేచనాలు కలిగించే రోటా వైరస్‌కు టీకాను ఉచిత టీకాల్లో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019 నవంబర్ 14న మొదలైన బడుల ‘నాడు-నేడు’ పనుల్లో నీటి వసతి ఉన్న మరుగుదొడ్లకు పెద్దపీట వేశారు. వందల ఏళ్లుగా లేని చోటు ఒక తరంలో వచ్చింది. ఇది చిన్న విజయం కాదు.

కానీ ఆ చోటు పెద్దవాళ్ల కొలతలతో వచ్చింది. బేసిను మీద పాదాలు పెట్టే చోట్ల మధ్య దూరం రెండేళ్ల బిడ్డకు చాలా ఎక్కువ. నడుమ గుంత చూసి పడిపోతానని భయపడుతుంది. తలుపు వేస్తే చీకటి. అందుకే ఇంట్లో మరుగుదొడ్డి ఉండి కూడా బిడ్డను గుమ్మం బయట, కాలువ పక్కన కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. ఎండాకాలం ట్యాంకరు నీళ్లు బిందెలతో లెక్కపెట్టుకునే వీధుల్లో కడగడానికి వెనకాడడం కూడా దీనికి తోడవుతుంది.

అవ్వ చోటులో డైపర్

మూడోది మనిషి. మెట్టలో పంట నిలకడగా లేక కుటుంబాలు బెంగళూరు, చెన్నై వలసపోయాయి. ఊళ్లో అవ్వ, అక్కడ ఒక గదిలో తల్లి. బిడ్డను గంట గంటకూ కనిపెట్టుకునే తీరిక ఎవరికీ లేదు. ఆ ఖాళీలోకి డైపర్ వచ్చింది. ఇప్పుడు ఉదయగిరి అంగడిలో కూడా రెండు మూడు ప్యాడ్ల చిన్న ప్యాకెట్లు వేలాడుతుంటాయి. జపాన్ కంపెనీ యూనిచార్మ్ డైపర్ల ఫ్యాక్టరీ మన పొరుగునే, శ్రీసిటీలో ఉంది.

ప్రయాణంలో, జబ్బు చేసినప్పుడు, రాత్రి తల్లికి నిద్ర కావలసినప్పుడు డైపర్ మేలే చేస్తుంది. పగలంతా అదే వేస్తే, తడిని లోపలి పొడి పీల్చేసుకుని బిడ్డకు తడిసిన సంగతే తెలియనివ్వదు. మొలతాడు బిడ్డ ఏడాదికే నేర్చుకున్న మొదటి పాఠం ఈ బిడ్డకు అందదు. వాడినవి చెరువుగట్టు మీద, కాలువల్లో తేలుతున్నాయి. డైపర్ చుట్టి పారేయడానికి సంచి కంపెనీయే ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. పల్లెల్లో ఆ నిబంధన కాగితం దాటలేదు.

ఇప్పుడు చేయవలసింది

చాలామంది పిల్లలు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య సిద్ధమవుతారు. రెండు గంటలు తడవకుండా ఉండడం, చిన్న మాట చెబితే చేయడం, నిక్కరు కిందికి లాగుకోవడం, వస్తోందని ముఖంతోనో మాటతోనో చెప్పడం దాని గుర్తులు. అప్పుడు నిద్ర లేవగానే, అన్నం తిన్నాక కూర్చోబెట్టాలి. ఐదు నిమిషాలకు మించి కూర్చోబెట్టనక్కర్లేదు. పాదాలు నేలకు ఆనే చిన్న పాటీ చాలు. అందులోది మరుగుదొడ్డిలోనే పోసి, బిడ్డ చేతులూ మన చేతులూ సబ్బుతో కడగాలి. ఆడపిల్లను ముందు నుంచి వెనక్కి కడగాలి. మలం గట్టిపడి నొప్పి పుడితే బిడ్డ బిగబట్టుకుంటుంది, అలాంటప్పుడు శిక్షణ ఆపి ముందు ఆ సంగతి చూడాలి. రాత్రి పక్క తడపడం ఐదేళ్ల దాకా మామూలే. ఆ తర్వాతా తగ్గకపోయినా, మానిన అలవాటు మళ్లీ వచ్చినా వైద్యునికి చూపించాలి. ఏ దశలోనూ కొట్టడం, నలుగురిలో సిగ్గుపరచడం పనికిరావు.

అంగన్‌వాడీకి, నర్సరీకి పంపే తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. ఈ పని తల్లి ఒక్కదాని మీద వదలకండి. తండ్రి రోజూ పొద్దున పావుగంట బిడ్డ పక్కన కూర్చోవాలి. ఊళ్లో ఉన్న అవ్వను పిలిచి ఆమె చేసిన పద్ధతి అడగాలి. పెంటదిబ్బ అలవాటు మాత్రం వదిలేసి, మిగతాది నేర్చుకోవాలి. పంచాయతీలు ప్రతి అంగన్‌వాడీలో చిన్న కొలతల బేసిను, దాని పక్కన నిండు తొట్టి ఉండేలా చూడాలి. చోటు ప్రభుత్వం కట్టించగలదు, నీళ్లు ట్యాంకరు తేగలదు. పక్కన కూర్చునే మనిషిని మాత్రం ప్రతి ఇల్లూ తానే ఇవ్వాలి.