పాలమ్మే పిల్ల మనవడు

పాలల్లో నీళ్ళు కలిపే విద్య ఇవాళ్టిది కాదు. మా చోడవరంలోనైనా, ఎక్కడో ఎడారి దేశపు మదీనాలోనైనా, పాలచెంబు చేతికి రాగానే ఇల్లాలు ముందు చూసేది చిక్కదనమే. అరబ్బుల చరిత్రలో ఒక గొప్ప పాలకుడి కథ ఈ పాలూ నీళ్ళ దగ్గరే మొదలవుతుందంటే మీకు తమాషాగా ఉండొచ్చు.

మహమ్మదు ప్రవక్త తర్వాత ముస్లింలకు నాయకత్వం వహించినవారిని ఖలీఫాలంటారు. వారిలో రెండో ఆయన ఉమర్. 634 నుంచి 644 దాకా పాలించాడు. రాత్రిళ్ళు మదీనా వీధుల్లో తిరుగుతూ జనం మంచిచెడ్డలు స్వయంగా కనుక్కునేవాడు. ఒక రాత్రి ఓ ఇంట్లోంచి తల్లీకూతుళ్ళ మాటలు వినిపించాయట. పాలల్లో కాసిని నీళ్ళు పొయ్యమంటోంది తల్లి. ఖలీఫా వద్దన్నాడు కదమ్మా అంటోంది కూతురు. ఖలీఫా ఇప్పుడిక్కడ చూస్తున్నాడా ఏమిటని తల్లి. ఆయన చూడకపోతే దేవుడు చూడడా అని కూతురు! ఆ పిల్లని ఉమర్ ఏరికోరి తన కొడుకు ఆసిమ్‌కి చేసుకున్నాడు. ఆ దంపతుల కూతురి కొడుకే మన కథానాయకుడు, ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్. అంటే పాలమ్మే పిల్ల ఆయనకు స్వయానా అమ్మమ్మ.

ఈ మనవడు మాత్రం సిరిసంపదల మధ్య పెరిగాడు. తండ్రిది డమాస్కసు నుంచి ఏలే ఉమయ్యద్ రాజవంశం. పైగా ఈజిప్టు గవర్నరు. కుర్రతనంలో ఉమర్ కట్టే ఖరీదైన బట్టలూ, పూసుకునే అత్తరులూ లోకప్రసిద్ధం. ఆయన నడక చూసి పడుచులు నేర్చుకునేవారని కూడా చెప్పుకుంటారు! 706లో మదీనా గవర్నరయ్యాక పదిమంది పండితుల్ని పిలిచి, వాళ్ళ సలహాతోనే పాలన సాగించాడు. 717లో ఖలీఫా సులైమాన్ పోయాక వీలునామా విప్పితే అందులో తమ్ముళ్ళ పేరుకి ముందు ఉమర్ పేరుంది.

గద్దె ఎక్కినవాడు ముందు తన ఇంటినే సర్దుకున్నాడు. రాజుగారి సవారీ గుర్రాలు వద్దన్నాడు. వంశంవాళ్ళు సొంతం చేసుకున్న భూముల్ని వెనక్కి తీసుకున్నాడు, వాటిలో తన వాటా కూడా ఉంది. కాన్‌స్టాంటినోపుల్‌ని ముట్టడించి తిండిలేక అల్లాడుతున్న సైన్యాన్ని ఇంటికి రప్పించాడు. ప్రవక్త అల్లుడు అలీని మసీదు వేదికల మీంచి శపించే పాడు ఆచారాన్ని మాన్పించాడు. ఇస్లాంలో చేరినవాళ్ళ దగ్గర కూడా ఖజానా నిండాలని తలపన్ను వసూలు చేసేవారు. దాన్ని ఎత్తేశాడు. అలాగని ఆయన కొలబద్ద అందరికీ ఒకటే అనుకోకండి. ముస్లింలు కానివారికి ఆ పన్ను తప్పలేదు. వారిని సర్కారు కొలువుల్లోంచి తొలగించమన్నాడని కూడా చరిత్రకారులు రాశారు.

రాబడి పోయిన చుట్టాలు ఊరుకుంటారా? మేనత్తను రాయబారం పంపారు. ఉమర్ ఆవిడ ఎదటే ఒక దీనారాన్ని నిప్పుల్లో ఎర్రగా కాల్చి, మాంసం ముక్క మీద వేశాడట. అది సుయ్యిమంది. “అత్తా, రేపు ఆ లోకంలో నీ మేనల్లుడికి ఈ గతి పట్టాలా?” అన్నాడు. ఆవిడ లేచి తిరిగి వెళ్ళి చుట్టాలకే చీవాట్లు పెట్టింది. ఆ పెద్ద ఉమర్ ఇంటి పిల్లని కోడలిగా తెచ్చుకున్నది మీరే, ఇప్పుడు మనవడికి తాత పోలిక వచ్చిందని ఏడిస్తే ఎలా అందిట. నన్నడిగితే తాత పోలికే కాదు, అమ్మమ్మ పోలిక కూడా.

ఇంత చెప్పీ ఫాతిమా సంగతి చెప్పకపోతే అన్యాయం. ఉమర్ భార్య ఆమె. ఖలీఫా కూతురు, ఖలీఫా భార్య. అన్నదమ్ముల్లో నలుగురు ఖలీఫాలే. పుట్టింటివారిచ్చిన నగలు ఆమె పెట్టెలో ఉన్నాయి. నగలన్నా ఖజానాకిచ్చెయ్యి, నన్నయినా వదులుకో అన్నాడు భర్త. ఆదర్శాలు పలకడం మగవాడికి తేలికే, వాటికోసం ఇంట్లో ఏం తగ్గుతుందో ఆడదానికి తెలుస్తుంది. ఫాతిమా నగలిచ్చేసింది. పట్టుబట్టలు పోయాయి, వంటింట్లో కలవారి వంటలు పోయాయి. రాత్రిపూట సర్కారు పని అయిపోతే సర్కారు నూనె దీపం ఆర్పేసి, సొంత దీపం వెలిగించే మనిషితో ఆమె కాపురం చేసింది.

రెండున్నరేళ్ళయినా గడవకుండా, 720లో, నలభై ఏళ్ళు నిండీ నిండని వయసులో ఉమర్ కన్నుమూశాడు. విషం పెట్టారనే మాట కూడా ఉంది. తర్వాత గద్దె ఎక్కిన ఫాతిమా తమ్ముడు యజీద్ బావగారి ఉత్తర్వులు చాలావరకు తిరగతోడాడు. నీ నగలు నువ్వు తీసుకో అక్కా అని కూడా అన్నాడు.

అప్పుడామెను అడ్డేవారు లేరు. తీసుకుంటే తప్పుపట్టేవారూ లేరు. ఆయన బతికుండగా వద్దనుకున్నవి ఆయన పోయాక ఎలా తీసుకుంటానంది ఫాతిమా. ఆ నగలు మళ్ళీ ఆమె పెట్టెలోకి రాలేదు.