పులుసుకో గిన్నె, పాలకో గిన్నె

కంచు కంచం చేయి జారితే సొట్ట పడదు, పగులుతుంది. మా అమ్మమ్మ దాన్ని ఎప్పుడూ రెండు చేతులతోనే తోమేది. రాగి 78 పాళ్లు, తగరం 22 పాళ్లు కలిస్తే గణగణమనే కంచు తయారవుతుంది. అంత తగరం పడ్డాక ఆ లోహం చల్లారితే సుత్తి దెబ్బ ఓర్వదు. ఎర్రగా కాలినప్పుడే కొట్టి సాగదీయాలి, ఆ వేడి మీదే నీళ్లలో ముంచాలి. ఇది నిన్నమొన్నటి విద్య కాదు. ఇనుప యుగపు ఆదిచ్చనల్లూరులో, నీలగిరి సమాధుల్లో దొరికిన పల్చటి గిన్నెలను పరీక్షించిన శారదా శ్రీనివాసన్ అవి ఇలా కొట్టి చేసిన కంచేనని తేల్చారు. మన శ్రీకాకుళం బుడితిలోనూ కంచు, ఇత్తడి పనివాళ్లున్నారు. తణుకు దగ్గరి అజ్జరం పేరు చెబితే ఇత్తడి బిందెలే గుర్తొస్తాయి.

కంచంలో తింటే బుద్ధి పెరుగుతుందని దుకాణాల వాళ్లు ఇప్పుడు చీటీలు అంటిస్తున్నారు. అమ్మమ్మ అలాంటి మాట ఒక్కటీ అనలేదు. ఆమెకు తెలిసింది కిలం. ఇత్తడి గిన్నెలో పులుసు నిలవుంటే రాగి కరిగి పచ్చగా ఊరుతుంది, కడుపులో వికారం పెడుతుంది. అందుకే పులుసుకు రాతిచిప్పో మట్టి దాకో వాడేవాళ్లు. ఇత్తడిలో వండాలంటే కళాయి ఉండాల్సిందే.

కళాయి పెట్టేవాడు వీధి మలుపులో గుంట తవ్వి, తిత్తి ఊది బొగ్గులు రాజేసేవాడు. గిన్నె కాలగానే దూదితో నవసాగరం అద్దితే ముక్కు పగిలే తెల్లటి పొగ. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కడ్డీ అలా తాకించగానే వెండిచుక్కలా జారేది. అదే దూదితో గిర్రున తుడిస్తే గిన్నె లోపలంతా అద్దమే.

రాగిచెంబు నీళ్ల మాటలో మాత్రం నిజముంది. అతిసారం తెచ్చే బ్యాక్టీరియా కలిపిన నీటిని బెంగళూరు పరిశోధకులు రాగి పాత్రలో 16 గంటలు ఉంచితే ఆ సూక్ష్మజీవులు చచ్చిపోయాయి. నీటిలోకి దిగిన రాగి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుకు చాలా లోపే ఉంది. 2012లో అచ్చయిన ఫలితమిది. అయితే అది నీళ్ల సంగతి, నిమ్మరసం సంగతి కాదు.

పెద్దల లెక్క తప్పిన చోటూ ఒకటుంది, అది పాలు. మన దేశంలో ఏడాది, రెండేళ్ల పిల్లల కాలేయం గట్టిపడి ప్రాణం తీసే జబ్బు ఒకటి ఉండేది. పుణె వైద్యులు, బ్రిటన్ వైద్యుడు స్టూవర్ట్ టానర్ ఆ ఇళ్ల వంటింట్లోకి తొంగిచూశారు. పసిపిల్లల పాలు ఇత్తడి, రాగి గిన్నెల్లో కాగుతున్నాయి, అందులోనే నిలవుంటున్నాయి. పాలు పుల్లగా ఉండవు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, కానీ పాలలోని కేసిన్ రాగిని పట్టి లాగేస్తుంది. 1983లో లాన్సెట్‌లో వాళ్లు ఈ అనుమానం బయటపెట్టారు. తర్వాత గిన్నెలు మారాయి, ఆ జబ్బు అరుదైపోయింది. స్టీలు వచ్చి మన వంటింటి అందం చెడగొట్టిందని నేనూ విసుక్కున్నవాణ్ణే. ఇది చదివాక నోరు మూసుకున్నాను.

అమ్మమ్మ పేరు చుక్కలతో చెక్కిన ఇత్తడి గుండిగ ఈమధ్యే అటక దిగింది. లోపల కళాయి ఊడి పచ్చటి ఇత్తడి తేలింది. కళాయి పెట్టేవాడు దొరికేదాకా అందులో బియ్యం పోసుకుంటున్నాం.