శంకరం స్తూపాలు: స్థలనామాల సాక్ష్యం

విశాఖపట్టణానికి పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, అనకాపల్లికి చేరువన శంకరం గ్రామం ఉంది. తొట్లకొండ, బావికొండల స్తూపాలు సముద్రతీరపు కొండలపై ఇటుకతో, రాతితో కట్టినవి. శంకరంలో మాత్రం కొండరాతినే స్తూపాలుగా మలిచారు. తూర్పున బొజ్జన్నకొండ, పడమర లింగాలకొండ అనే రెండు గుట్టలపై ఈ క్షేత్రం విస్తరించింది.

బొజ్జన్నకొండ శిఖరాన ఉన్న మహాస్తూపానికి గర్భం సహజశిల. దానికి వెలుపల ఇటుకల కట్టడం తొడిగారు. దిగువన రాతిని తొలిచిన గుహలలో ప్రధానమైనదానికి 16 స్తంభాలు, నడుమ చతురస్రపీఠంపై ఏకశిలాస్తూపం ఉన్నాయి. లింగాలకొండపై చిన్నవీ పెద్దవీ అయిన ఏకశిలాస్తూపాలు వరుసలుగా కనిపిస్తాయి. 20వ శతాబ్ది తొలి దశకంలో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాలలో ఇటుక విహారం, చైత్యాలు, మట్టి ముద్రలతోపాటు సముద్రగుప్తుని బంగారు నాణెం లభించింది. కట్టడాలలో అధికభాగం క్రీ.శ. 4–9 శతాబ్దుల నాటివని పురావస్తువేత్తల అభిప్రాయం.

స్థలనామాలు ఈ చరిత్రను మరొక రూపంలో నిలుపుకొన్నాయి. ‘సంఘారామం’ జనవ్యవహారంలో ‘శంకరం’ అయిందని, ‘బుద్ధుని కొండ’ ‘బొజ్జన్నకొండ’ అయిందని పరిశోధకులు సాధారణంగా అంగీకరిస్తారు. గుండ్రని స్తూపాలు చూపరులకు లింగాలుగా తోచినందున రెండవ గుట్ట లింగాలకొండ అయింది. శంకరుడు, లింగాలు ఒకచోట చేరిన ఈ పేర్లను చూసి బౌద్ధక్షేత్రాన్ని శైవులు ఆక్రమించారని నిర్ణయించడం తొందరపాటే అవుతుంది. ఒక పేరు ధ్వనిసామ్యం వల్ల, మరొకటి ఆకారసామ్యం వల్ల మారాయి. రెండింటికీ మతసంఘర్షణను కారణంగా చెప్పవలసిన పని లేదు.

అర్థం మరుగైన పేరు కొత్త కథను కోరుకుంటుంది. కనుమనాడు ఇక్కడికి వచ్చే జనం పొట్టవంటి ఒక ఆకృతిని రాక్షసునిదిగా భావించి రాళ్లు రువ్వే ఆచారం ఇటీవలి కాలం వరకు ఉండేది. ‘బొజ్జన్న’లో బుద్ధుడు మరుగై ‘బొజ్జ’ మాత్రమే వినిపించడం ఈ నమ్మకానికి ఊతమిచ్చి ఉండవచ్చునని నా ప్రతిపాదన. నిరుక్తిలో జరిగిన మార్పు శిల్పసంపదకు హాని కలిగించగలదనడానికి ఇది నిదర్శనం.

కనుక శంకరంలో పరిరక్షణ శిలలకే పరిమితం కారాదు. సంఘారామమనే మూలార్థం స్థానికులకు తెలిసినప్పుడు ఆ కొండకు వారే రక్షకులవుతారు. స్థలనామ పరిశోధనకు ఇంతకు మించిన సామాజిక ప్రయోజనం ఉండబోదు.