విజయనగర వీథుల కాపలా: జీతం, దండుగ

విజయనగర వైభవాన్ని వర్ణించే రచనల్లో పన్నెండు వేలమంది నగరరక్షకుల ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. దీనికి ఆధారం 1443లో, రెండవ దేవరాయల కాలంలో, షారుఖ్ రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ రచన. టంకశాల ఎదుట నగరాధికారి కార్యాలయం ఉందనీ, దాని కింద 12,000 మంది భటులున్నారని చెబుతారనీ, వారి జీతం రోజుకు 12,000 పణాలనీ అతడు రాశాడు. తలకొక పణం! ఇంత నిండైన లెక్క జీతాల పట్టీ చూసి రాసినదనుకోవడం కష్టం. ఈ సంఖ్య కన్నా జీతం పుట్టిన చోటు గమనించదగినది. అది ఖజానా సొమ్ము కాదు, వేశ్యావాటికల రాబడి.

ఏడు ప్రాకారాల లోపల జరిగేదంతా తెలుసుకోవడం, పోయిన సొత్తు రాబట్టడం ఈ భటుల విధి, రాబట్టలేకపోతే దండుగ. రజాక్ సహచరుడు కొన్న బానిసలు పారిపోయినప్పుడు, వారిని పట్టి అప్పగించాలనీ లేదా దండుగ చెల్లించాలనీ నగరాధికారి నిరుపేదలుండే పేట కావలివారిని ఆదేశించాడు. వారు దండుగే చెల్లించారు. కథాకావ్యాల్లోని తలారి సాధారణంగా దొంగను పట్టి రాజు ఎదుట నిలిపేవాడు. ఈ కావలివాడు పట్టలేక సొమ్ము కట్టినవాడు. పన్నెండు వేలమంది ఉన్నారన్న నగరంలో ఆ నష్టం చివరకు పేదపేట కావలివారి మీదనే పడింది.