సర్వేల్ నుంచి ఝజ్జర్ దాకా: నవోదయ హాస్టల్ జీవితం వెనుక కథ

ఢిల్లీకి పశ్చిమాన, జాతీయ రాజధాని ప్రాంతంలో భాగమైన హరియాణాలోని ఝజ్జర్‌లో 1985-86లో ఒక ప్రభుత్వ బోర్డింగ్ స్కూల్ మొదలైంది. అదే ఏడాది మహారాష్ట్రలోని అమరావతిలో మరొకటి తెరిచారు. దేశంలో తొలి రెండు నవోదయ విద్యాలయాలు ఇవే. ఇప్పుడు వీటి సంఖ్య 650 దాటింది. ఈ ఆలోచనకు పునాది మాత్రం అంతకు పద్నాలుగేళ్ల ముందే తెలుగు నేలపై పడింది.

బాలుర బడితో మొదలు

1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా (ఇప్పుడు యాదాద్రి భువనగిరి) సర్వేల్‌లో బాలుర గురుకుల పాఠశాల ప్రారంభమైంది. అప్పట్లో బోర్డింగ్ చదువు అంటే డెహ్రాడూన్‌లోని డూన్ స్కూల్ లాంటివే గుర్తొచ్చేవి. అక్కడ ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు చదివేవారు. సర్వేల్‌లో పల్లెటూరి పిల్లలకు చదువు, భోజనం, వసతి ప్రభుత్వమే చూసుకుంది. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు వచ్చాయి. తెలంగాణ మాజీ డీజీపీ ఎం. మహేందర్ రెడ్డి సర్వేల్‌లో చదివినవారే.

1985లో పీవీ కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యారు. డూన్ స్కూల్ పూర్వ విద్యార్థి రాజీవ్ గాంధీ అప్పుడు ప్రధాని. 1986 జాతీయ విద్యా విధానంలో నవోదయలకు చోటు దక్కింది.

కలిసి ఉండటమూ చదువే

నవోదయలో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు బోధిస్తారు. పొద్దున వ్యాయామం, ప్రార్థన, తరగతులు, సాయంత్రం ఆటలు, రాత్రి స్టడీ అవర్ ఉంటాయి. టీచర్లు క్యాంపస్‌లోనే ఉంటూ హౌస్ బాధ్యతలు చూస్తారు. ఏ కులం, ఏ ఊరు అన్న తేడా లేకుండా అందరూ ఒకే మెస్‌లో తింటారు, ఒకే డార్మిటరీలో పడుకుంటారు.

సర్వేల్ నమూనాకు నవోదయ రెండు మార్పులు చేసింది. ఒకటి, మూడో వంతు సీట్లు బాలికలకు కేటాయించింది. రెండు, తొమ్మిదో తరగతిలో 30 శాతం మందిని ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకు పంపే పద్ధతి పెట్టింది. తెలుగు పిల్లలు వెళ్లే ఉత్తరాది నవోదయలో అక్కడివారు మూడో భాషగా తెలుగు నేర్చుకుంటారు.

అందేది ఎందరికి?

ఆరో తరగతిలో ఒక్కో బడికి గరిష్ఠంగా 80 సీట్లే. ప్రవేశ పరీక్ష రాసి నెగ్గాలి. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకు ఉన్నా, కోచింగ్‌కు డబ్బు పెట్టగల కుటుంబాలకే మొగ్గు ఉంటుందన్న విమర్శ ఉంది. సీటు రాని పిల్లలు చదివేది మామూలు ప్రభుత్వ బడిలోనే. హాస్టల్ నేర్పే క్రమశిక్షణ, కలుపుగోలుతనం వారికి ఎలా అందాలన్న ప్రశ్నకు నవోదయ ఒక్కటే జవాబు కాలేదు.