జ్యూరీ పిలుపు మన గూడేనికి ఎందుకు రాలేదు?

పోస్టు కొంచెం పెద్దదే. తీరిగ్గా చదవండి, పాలిటీ బిట్లకు కూడా పనికొస్తది.

మొన్న సాయంత్రం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి బయటికొచ్చి అశోక్ నగర్ సందులో చాయ్ తాగుతున్నం. ఆసిఫాబాద్ వైపు నుంచి గ్రూప్-2 కోచింగ్‌కు వచ్చిన తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, అమెరికాలో ఉన్న మన సీనియర్‌కు కోర్టు నుంచి లెటర్ వచ్చిందట, జ్యూరీ డ్యూటీకి రమ్మని. మనకు అట్ల లెటర్ వస్తే ఏం చెయ్యాలె?"

నారాయణగూడలో ఉండే మా రూమ్మేట్ నవ్విండు. "మన దేశంలో జ్యూరీ యాడుంది రా? నానావతి కేసుతో పోయింది. బిట్టు గుర్తుపెట్టుకో, చాలు."

బిట్టు వరకు సరే. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జ్యూరీ పోయింది అంటున్నం. అసలు అది మన దగ్గరికి ఎప్పుడొచ్చింది, పోవడానికి?

ముందు తమ్ముడి ప్రశ్నకు జవాబు చెప్తా. అమెరికాలో జ్యూరీకి పిలుపు పౌరసత్వం ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నా సరిపోదు, పొరపాటున లెటర్ వస్తే పౌరుణ్ణి కానని రాసి పంపాలి. పిలుపు వచ్చినవాళ్లు ముందు ఒక ఫారం నింపుతారు, చెప్పిన రోజు కోర్టుకు పోతారు. అక్కడ జడ్జి, ఇరుపక్షాల లాయర్లు ప్రశ్నలడుగుతారు. ఈ కేసు గురించి ముందే విన్నావా, పోలీసుల మీద నీ అభిప్రాయమేంది, ఇట్లాంటివి. చాలామందిని ఇంటికి పంపేస్తారు. మిగిలినవాళ్లు సాక్ష్యం అంతా విని, గది తలుపులేసుకుని మాట్లాడుకుని, తప్పు చేశాడా లేదా అని చెప్తారు. పెద్ద క్రిమినల్ కేసుల్లో దోషి అనాలంటే అందరూ ఒక్కమాట మీద ఉండాలని 2020లో అక్కడి సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఖాయం చేసింది. అంటే లా చదవని మామూలు మనిషి తన తోటి మనిషి కేసులో తీర్పు చెప్తాడు. జ్యూరీ అంటే అంతే.

ఇప్పుడు మన దేశం సంగతి. బ్రిటిష్ వాళ్లు 1898లో తెచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీ ఉంది. హైకోర్టులో అయితే 9 మంది. జిల్లా సెషన్స్ కోర్టులో 5 నుంచి 9 దాకా, బేసి సంఖ్యలో. 21 నుంచి 60 ఏళ్ల మధ్య మగవాళ్లే అర్హులని ఆ కోడ్ రాసింది. పోలీసులు, డాక్టర్లు, పూజారులు లాంటి వాళ్లకు మినహాయింపు. సెషన్స్ జడ్జి, కలెక్టర్ కలిసి జాబితా తయారుచేసేవాళ్లు. సమన్లు అందుకుని కారణం లేకుండా రాకపోతే 100 రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల్లో 100 అంటే ఎంతో మీరే లెక్కేసుకోండి.

అయితే జ్యూరీ అన్ని జిల్లాల్లో లేదు. ఏ జిల్లాలో, ఏ నేరాలకు జ్యూరీ పెట్టాలో ప్రభుత్వం ఇష్టం. మిగిలిన చోట్ల 'అసెసర్లు' ఉండేవాళ్లు. వాళ్లు అభిప్రాయం చెప్పొచ్చు, జడ్జి దాన్ని వినాల్సిన పనిలేదు.

ఆ కోడ్‌లో ఒక సంగతి దగ్గర నేను ఆగిపోయిన. జ్యూరీలో కూర్చున్న మనిషికి సాక్ష్యం చెప్పే భాష గానీ, దాన్ని తర్జుమా చేసిన భాష గానీ అర్థం కాకపోతే, ఆ మనిషి వద్దని అభ్యంతరం చెప్పొచ్చు. న్యాయమైన మాటే. కానీ అదే కోడ్‌లో ఇంకో చోట ఏముందంటే, ముద్దాయికి విచారణ అర్థమయ్యేటట్టు చెయ్యలేకపోయినా కోర్టు విచారణ నడిపించుకోవచ్చు. శిక్ష పడే కేసైతే కాగితాలు హైకోర్టుకు పంపితే చాలు. అంటే గోండీ తప్ప వేరే భాష రాని మనిషి తీర్పు చెప్పడానికి పనికిరాడు, తీర్పు చెప్పించుకోవడానికి మాత్రం పనికొస్తాడు.

ఇక అసలు కథ. మన కొండ ప్రాంతాలు ఈ మామూలు కోర్టుల పరిధిలోనే లేవు. గంజాం, విశాఖపట్నం మన్యంలో తిరుగుబాట్లు అయిన తర్వాత, 1839లో ఒక చట్టం చేసి అక్కడి కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించారు. కలెక్టరే గవర్నర్ ఏజెంట్. పన్ను వసూలు చేసేదీ ఆయనే, సివిల్ తగాదా తేల్చేదీ ఆయనే, క్రిమినల్ కేసు వినేదీ ఆయనే. 'ఏజెన్సీ' అనే మాట అట్ల పుట్టింది. ఈ రోజుకీ మన ఊర్లను అదే పేరుతో పిలుస్తున్నరు, మనమూ పిలుచుకుంటున్నం. 1874లో షెడ్యూల్డ్ డిస్ట్రిక్ట్స్ చట్టం వచ్చి, ఏ చట్టం ఎక్కడ వర్తించాలో ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతిని దేశమంతా పెట్టింది.

"మామూలు కోర్టులు ఉంటే బాగుండేదా మరి?" అని అడుగుతారు. దానికి జవాబు రంప. గోదావరి వైపు రంప కొండల్లో 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది. మున్సబుదారు దౌర్జన్యం, కల్లు గీసుకోవడం మీద పన్ను అని పుస్తకాల్లో చదువుతం. ఇంకో కారణం కూడా ఉంది. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అప్పు కాగితాలు రాయించుకుని, కింద ఎక్కడో దూరంగా ఉన్న కోర్టులో దావా వేసేవాళ్లు. కొండమనిషికి ఆ సంగతే తెలియదు, తెలిసినా పోలేడు. ఆయన లేకుండానే డిక్రీ వచ్చేది. తర్వాత పశువులు తోలుకుపోయేవాళ్లు. తిరుగుబాటు మీద జరిగిన అధికారుల విచారణలో కూడా ఈ మాట రికార్డయింది. అంటే కోర్టు ఉన్నా మనది కాదు, లేకున్నా మనది కాదు. రెండింట్లోనూ కుర్చీలో కూర్చున్నది వేరేవాళ్లే.

ఇంకో అడుగు ముందుకు పోదాం. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911లో మళ్లీ రాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఇందులో నేరం రుజువు చేసే పనే లేదు. ప్రభుత్వం గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ ఇస్తే కులం మొత్తం నేరస్థులే. ఆ నోటిఫికేషన్ చెల్లదని ఏ కోర్టూ ప్రశ్నించడానికి వీల్లేదని చట్టంలోనే రాసుకున్నారు. మన గ్రూపులో ఉన్న ఎరుకల అన్నలు, అక్కల తాతముత్తాతలు ఇట్లనే స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లకు చేరారు. అక్కడ పొద్దున ఒక హాజరు, రాత్రి ఒక హాజరు. ఒక ఇంగ్లీషువాడికి దొంగతనం కేసు పడితే, తనవాళ్లు సగం మందైనా ఉన్న జ్యూరీ కావాలని అడిగే హక్కు ఉండేది. ఇక్కడ తొట్టెలో పిల్లకు కూడా తీర్పు ముందే అయిపోయింది. ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న.

నిజాం రాజ్యంలో మనోళ్ల సంగతి అందరికీ తెలుసు. అడవి, పోడు కేసులతో విసిగి, అర్జీలు పెట్టి పెట్టి, చివరికి కొమురం భీమ్ జోడేఘాట్‌లో నిలబడ్డాడు. 1940లో ఆయన్ను కాల్చి చంపారు. విచారణ లేదు, జ్యూరీ లేదు. ఆ తర్వాతే ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల పరిస్థితి అధ్యయనం చేయించారు. ఆ పని నుంచే 1946లో, అంటే ఫస్లీ 1356లో, ట్రైబల్ ఏరియాస్ రెగ్యులేషన్ వచ్చింది. అందులో ఆదివాసీ పంచాయతీలు చిన్న తగాదాలను తామే తేల్చుకునే ఏర్పాటు పెట్టారు. ఒక ప్రభుత్వం కాగితం మీద 'మీ మనుషులు కూడా తీర్పు చెప్పగలరు' అని ఒప్పుకోవడానికి జోడేఘాట్ నెత్తురు కావాల్సి వచ్చింది.

ఇప్పుడు మా రూమ్మేట్ చెప్పిన బిట్టు. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నేవీ కమాండర్ నానావతి, ప్రేమ్ ఆహుజాను కాల్చి చంపాడు. జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు. అక్కడ యావజ్జీవం పడింది, 1961లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. 1964లో గవర్నర్ క్షమాభిక్ష పెట్టారు. ఈ కేసుతోనే జ్యూరీ పోయిందని గైడ్లలో ఉంటది. పూర్తిగా నిజం కాదు. జ్యూరీ తీసేయాలని లా కమిషన్ 14వ నివేదిక 1958లోనే చెప్పింది, చాలాచోట్ల అప్పటికే తీసేస్తూ వచ్చారు. 1973 కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేదు, అది 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 జూలై 1న వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లోనూ లేదు. ఒక్క పార్సీల పెళ్లి, విడాకుల కేసుల్లో మాత్రం వాళ్ల సమాజం నుంచి 'డెలిగేట్లు' కూర్చునే పద్ధతి 1936 చట్టంలో ఉంది. ఈ పాయింటు నోట్ చేసుకోండి. ఒక చిన్న సమాజం తన సంగతి తనవాళ్లే వినాలని అడిగి సాధించుకుంది.

జ్యూరీ ఉన్న దేశాల్లో ఆదివాసీలకు అంతా బాగుందని కూడా అనుకోవద్దు. కెనడాలో 2016లో కోల్టెన్ బూషీ అనే 22 ఏళ్ల క్రీ తెగ యువకుడు ఒక రైతు పొలంలో తుపాకీ దెబ్బకు చనిపోయాడు. 2018లో జ్యూరీ ఆ రైతును నిర్దోషి అంది. జ్యూరీ ఎంపికలో ఆదివాసీల్లా కనిపించినవాళ్లను కారణం చెప్పకుండానే పక్కకు పెట్టారని కుటుంబం గొడవ చేసింది. మరుసటి సంవత్సరమే కెనడా ఆ 'కారణం లేని అభ్యంతరం' పద్ధతిని తీసేసింది. జ్యూరీ ఉండటం ఒక మాట, అందులో మనం ఉండటం ఇంకో మాట.

మా తాత సంగతి చెప్పి ముగిస్తా. ఒక భూమి కేసులో తాతను సాక్షిగా పిలిచారు. మూడుసార్లు పోయిండు, రెండుసార్లు వాయిదా. మూడోసారి బోనెక్కించి లాయరు పొడుగు పొడుగు ప్రశ్నలడిగిండు. తాతకు తెలుగు అంతంత మాత్రం. ప్రతిదానికీ "ఊఁ" అన్నడు. తాత ఊఁ కొట్టింది 'వింటున్న' అని. కాగితం మీద ఎక్కింది 'అవును' అని. ఇంటికొచ్చి నాయనతో ఒకటే అన్నడు: "అక్కడ నా మాట తెలిసినోడు ఒక్కడు లేడు బిడ్డా."

అదే తాత మా ఊరి పంచాయితీలో పటేల్ పక్కన కూర్చునేవాడు. ఇద్దరి మాటా వినేవాళ్లు, అడగాల్సింది అడిగేవాళ్లు, పెద్దలు ఒక్కమాట మీదికి వచ్చేదాకా లేచేవాళ్లు కాదు. అక్కడ తేలకపోతే రాయి సెంటర్, సార్మేడి. జ్యూరీ అనే పేరు లేదు గానీ పని అదే. దాన్ని నెత్తిన పెట్టుకుని మొక్కమని నేను అనట్లేదు. మా అవ్వ ఆ పంచాయితీలో వెనకాల నిలబడి వినేది, మాట్లాడే వంతు ఆమెకు రాలేదు. తప్పు కట్టలేని పేదోణ్ణి వెలేసిన రోజులూ ఉన్నయ్. హత్య, అత్యాచారం లాంటివి పంచాయితీలో మాఫీ చేసేవి కానే కావు, అవి పోలీసులకు, కోర్టుకు పోవాల్సిందే.

మరి తమ్ముడికి నా జవాబు. నీకు జ్యూరీ లెటర్ రాదు. సాక్షిగా సమన్లు రావచ్చు. పంచనామా మీద సంతకం పెట్టమని రావచ్చు. అప్పుడు చదవకుండా సంతకం పెట్టకు. అర్థం కాని ప్రశ్నకు ఊఁ కొట్టకు, "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అను. నీ భాషలో చెప్పించమని అడుగు. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ చెప్తుంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు.

ఇంకో పిలుపు కూడా ఉంది. 1996 పెసా చట్టం 4(డి)లో, తగాదాలు తేల్చుకునే మన సంప్రదాయ పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని రాశారు. షెడ్యూల్డ్ ఏరియాలో ఓటున్న ప్రతి ఒక్కరూ, ఆడవాళ్లతో సహా, ఆ గ్రామసభలో సభ్యులే. అంటే మా అవ్వకు దొరకని చోటు మా చెల్లెకు చట్టంలోనే ఉంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊళ్లో గ్రామసభ ఎప్పుడు జరిగిందో అడగండి. రిజిస్టరు చూడండి. తీర్మానాలు చదివి పెద్దలకు మన భాషలో చెప్పండి.

అశోక్ నగర్‌లో ఉన్న మనం ఉద్యోగాల కోసం వచ్చినం, తప్పు లేదు. కానీ మనలో ఒకరిద్దరైనా లా వైపు, జ్యుడీషియల్ సర్వీస్ వైపు చూడాలె. ఇంకో తాత బోనెక్కినప్పుడు, ఆ ఊఁకు అర్థం తెలిసినవాళ్లు ఆ హాల్లో ఒక్కరైనా ఉండాలె.

మీ ఊరి పంచాయితీ ఎట్ల కూర్చుంటదో, ఆడవాళ్లకు మాట ఉంటదో లేదో కింద రాయండి. కోయ, గోండు, కొలాం, లంబాడీ, ఎరుకల, చెంచు, ఎవరి పద్ధతి వాళ్లు రాయండి. మన చరిత్ర మనమే రాసుకోవాలె కదా.

జై జంగో, జై లింగో.